కాంటా దాటాక పట్టుకోలేని విషం: పల్లి యార్డుల గురించి ఒక బహిరంగ లేఖ

మహబూబ్‌నగర్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నాగర్‌కర్నూల్, నారాయణపేట, నల్లగొండ జిల్లాల కలెక్టర్లకు, ఆహార భద్రత అధికారులకు, వ్యవసాయ మార్కెట్ కమిటీల చైర్మన్లకు, కార్యదర్శులకు నమస్కారాలు.

సంక్రాంతి దాటిందంటే వనపర్తి, గద్వాల, అచ్చంపేట, బాదేపల్లి యార్డుల్లో యాసంగి పల్లికాయ కుప్పలు పడుతుంది. ఆ కాయలో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషానికి చట్టం ఒక హద్దు గీసింది. హద్దుతో మాకు పేచీ లేదు. దాన్ని కొలిచే చోటు తప్పు, కొలిచే తీరు అంతకన్నా తప్పు. రెండూ మీ పరిధిలో సరిదిద్దగలిగినవే.

నల్లగొండలో హద్దు అంటే ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. లీటరు నీళ్ళలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చు. మర్రిగూడ, మునుగోడు ఊళ్ళు ఈ అంకెను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు, వంగిపోయిన కాళ్ళను చూసి నేర్చుకున్నాయి. పల్లికి చట్టం పెట్టిన హద్దు కిలోకు 15 మైక్రోగ్రాములు, అంటే 0.015 మిల్లీగ్రాము. ఫ్లోరైడ్ పై హద్దు 1.5లో నూరో వంతు. పది టన్నుల లారీలు వంద నిలబెడితే, ఆ వెయ్యి టన్నుల పప్పులో మొత్తం విషం 15 గ్రాములు దాటకూడదు. మూడు చెంచాల ఉప్పు బరువు అది. ఈ విషం కాళ్ళను వంచదు. ఏళ్ళ తరబడి కాలేయంలో పని చేస్తుంది, హెపటైటిస్ బి ఉన్న మనిషిలో మరింత తొందరగా. మనుషులకు క్యాన్సర్ తెస్తుందని రుజువైన పదార్థాల మొదటి వర్గంలోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని చేర్చింది.

ఒక్కసారిగా ఎక్కువ మోతాదు పడితే ఏమవుతుందో కూడా మన దేశమే చూసింది. 1974 చివర్లో గుజరాత్‌లోని పంచమహల్, రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా జిల్లాల గ్రామాల్లో అదనులేని వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది జబ్బు పడ్డారు, 106 మంది చనిపోయారు. కళ్ళు పచ్చబడటం, పొట్టలో నీరు చేరడం మనుషులకే కాదు, అదే తిండి తిన్న ఇంటి కుక్కలకూ వచ్చింది. కారణం అఫ్లాటాక్సిన్ అని తేల్చింది మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే.

ఇక చట్టం. పూర్వం కల్తీ నిరోధక చట్టం కింద ఆహారం ఏదైనా కిలోకు 30 మైక్రోగ్రాములు అని ఒకే హద్దు ఉండేది. 2006 ఆహార భద్రత చట్టం వచ్చాక, 2011 కలుషితాల నిబంధనలకు చేసిన సవరణలతో అది తగ్గింది. ఇంకా శుద్ధి చేయాల్సిన పల్లికి 15, నేరుగా తినే వాటికి 10. వేయించిన పల్లీ, పల్లి పట్టీ, ఉప్పు పల్లీ అన్నీ ఈ రెండో లెక్క కిందికి వస్తాయి. పాలలో, పాడిపశువు ఒంట్లో మారి వచ్చే ఎం1 రకానికి 0.5. ఐరోపా వాళ్ళు నేరుగా తినే పల్లికి మొత్తం 4, అందులో బీ1 రకం 2 దాటితే ఓడ దించనివ్వరు. వాళ్ళది అతి అని మన వ్యాపారులు అంటారు. కావచ్చు. మనం మన 15నే సరిగా కొలవడం లేదన్నది మా బాధ.

ఈ చట్టంలో యార్డు వాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన మెలిక ఒకటుంది. 18వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ ప్రకారం రైతుకు, వ్యవసాయ పనులకు, పొలం స్థాయిలో రైతు పంటకు ఈ చట్టం వర్తించదు. రైతు కాని వాడి చేతిలో పడ్డ క్షణం అదే కాయ చట్టం దృష్టిలో ఆహారం అవుతుంది. అంటే కాంటా ఎక్కేదాకా ఈ చట్టానికి పట్టదు, కాంటా దిగగానే మొత్తం పడుతుంది. ఆ గీత గీసి ఉన్నది సరిగ్గా మీ యార్డు గచ్చు మీద. మరి నమూనాలు తీసేది ఎక్కడ? పట్నంలో, ప్యాకెట్ అయ్యాక. అప్పటికి పది ఊళ్ళ కాయ కలిసిపోయి ఉంటుంది. ఏ కుప్ప చెడ్డదో చెప్పగలిగిన వాడు ఎవడూ మిగలడు.

విషం ఎక్కడ పుడుతుందో తెలిస్తే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు మన చల్క నేలల్లో ఎప్పుడూ ఉంటుంది. పంట ఆఖరి మూడు నాలుగు వారాల్లో బోరు ఎండి, నేల వేడెక్కి, మొక్క నీళ్ళకు అల్లాడినప్పుడు అది కాయలోకి దిగుతుంది. చెదలు, పురుగు కొరికిన కాయ అయితే దానికి తలుపు తెరిచినట్టే. ఫిబ్రవరి, మార్చిలో చివరి తడి అందని మడి ఇలాంటిదే. అందుకే ఆ ఎండిన మడి కాయను, గట్టు పక్క కాయను మంచి కాయలో కలపకుండా వేరుగా పోయమని విస్తరణ అధికారులు రైతు వేదికల్లో చెప్పాలి. ఒక్క మడి కాయ మొత్తం కుప్పను చెడగొడుతుంది. ఎట్లా చెడగొడుతుందో కింద లెక్కతో చూపిస్తాం.

ఎక్కువ నష్టం జరిగేది మాత్రం పీకిన తర్వాతే. భూమిలోంచి వచ్చేటప్పుడు పప్పులో 35 నుంచి 40 శాతం తేమ ఉంటుంది. బతికున్న పప్పు బూజును తనంత తాను ఎదిరిస్తుంది. తేమ 30 కిందికి దిగాక ఆ శక్తి పోతుంది. 10 కిందికి వెళ్తే బూజుకు నీళ్ళు చాలవు. ఈ 30కీ 10కీ మధ్య కాయ ఎన్ని రోజులు గడిపితే అన్ని రోజులు బూజుకు పండగ. పాత పద్ధతిలో చెట్టు పీకి, కాయ పైకి వచ్చేట్టు తలకిందులుగా వరుసల్లో పరిచి, కాయ ఆడిస్తే గలగలమనేదాకా ఎండనిచ్చి, తర్వాత తెంపేవాళ్ళు. ఇప్పుడు పచ్చికాయ తెంపే మిషన్ వచ్చింది. కూలీలు దొరకని రోజుల్లో దాన్ని తప్పు పట్టలేం. కానీ మిషన్ కాయను పచ్చిగానే రాలుస్తుంది, కొన్నిటిని పగలగొడుతుంది, సాయంత్రానికి అవి ప్లాస్టిక్ సంచుల్లోకి పోతాయి. సంచిలోకి చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. అదే బూజు ఊపిరి. రెండు మూడు రోజులు అట్లా వదిలేస్తే తర్వాత ఎంత ఎండబెట్టినా పుట్టిన విషం పోదు. ఎండ బూజును ఆపుతుందే తప్ప, అది వదిలిన విషాన్ని తుడిచేయదు. వేయిస్తే కొంత తగ్గుతుంది. పెనం మీద పోయే సరుకు కాదది.

మరి రైతు ఎందుకు ఎండబెట్టడు? బద్ధకం అని యార్డుల్లో తేలిగ్గా అనేస్తారు. లెక్క వేసి చూడండి. 14 శాతం తేమ ఉన్న క్వింటాలు కాయను 8 శాతానికి ఆరబెడితే మిగిలేది 93.5 కిలోలు. 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. తడికాయకూ ఎండుకాయకూ ఒకే ధర పలికే చోట, ఆరబెట్టిన పాపానికి రైతు క్వింటాలుకు 470 రూపాయలు పోగొట్టుకుంటాడు. కల్లం కూలి, టార్పాలిన్ కిరాయి వేరే. తడిగా తెచ్చినోడికి నీళ్ళకు కూడా పైసలొస్తాయి. ఈ లెక్క తెలిసిన రైతును బద్ధకస్తుడు అనడం అన్యాయం.

కాబట్టి మా మొదటి కోరిక ధర కట్టే పద్ధతి మీద. ప్రతి కుప్ప తేమ కొలిచి, బరువును 8 శాతం తేమ లెక్కకు తెచ్చి ధర కట్టండి. సూత్రం ఒక్క వరుస: వందలోంచి తేమ శాతం తీసేసి, మిగిలినదాన్ని 92తో భాగించి, కాంటా బరువుతో గుణించాలి. 12 శాతం ఉన్న క్వింటాలుకు 95.7 కిలోల ధర. బాగా ఎండబెట్టి 6 శాతానికి తెచ్చిన రైతుకు 102.2 కిలోల ధర. ఈ చివరిది ఇవ్వకుండా కోతలు మాత్రమే కోస్తే ఇది మరో తరుగు కింద జమ అవుతుంది, రైతులు నమ్మరు. 12 శాతం దాటిన కుప్పను ఆ రోజు వేలానికి పెట్టకుండా యార్డు గచ్చు మీదే ఆరబెట్టుకోనివ్వాలి. నీడ, టార్పాలిన్లు యార్డే ఇవ్వాలి, అడ్తీకి, అంటే కమీషన్ వ్యాపారికి, అదనపు ఖర్చు పడకూడదు.

తేమ మీటరు ఇప్పటికే చాలా యార్డుల్లో ఉంది. దాన్ని వాడే తీరు సరిగ్గా లేదు. పై పొర కాయ గుప్పెడు తీసి, మీటరులో పోసి, అంకె చదివేస్తారు. కుప్ప పైన ఎండ తగిలి ఎండుతుంది, లోపల తడి అట్లే ఉంటుంది. అయిదు చోట్ల గుచ్చి తీయాలి, అందులో రెండైనా కుప్ప అడుగు నుంచి రావాలి. కాయను కాయగా కొలవొద్దు, ఒలిచి పప్పును కొలవాలి. పొట్టు తొందరగా ఎండి మోసం చేస్తుంది. ఎండలోంచి తెచ్చిన వేడి పప్పును పది నిమిషాలు నీడలో ఉంచాకే పోయాలి, లేకపోతే అంకె తప్పుతుంది. నెలకొకసారి అదే పప్పును 105 డిగ్రీల ఓవెన్లో బరువు తగ్గడం ఆగేదాకా ఎండబెట్టి, వచ్చిన తేడాతో మీటరును సరిచూడాలి. పాలెం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం దగ్గర్లోనే ఉంది, ఈ సరిచూసే పని అడిగితే చేయలేని చోటు కాదు. సరిచూసిన తేదీ మీటరు మీద అంటించి ఉండాలి, రైతు కంటికి కనపడేట్టు.

రెండో విషయం కాయ ఒలిచి పప్పు తీసే డికార్టికేటర్ మిల్లులది. బయట వాళ్ళకు ఇది వింతగా ఉంటుంది కానీ మిల్లుల్లో రోజూ జరిగేదే. కాయను పగలగొట్టే ముందు దాని మీద నీళ్ళు చల్లుతారు. బాగా ఎండిన కాయ దెబ్బకు పప్పు రెండు బద్దలవుతుంది, బద్ద పప్పుకు ధర తక్కువ. తడిపితే పప్పు సాగి గుండుగా బయటికొస్తుంది, పైగా బరువు. రైతు అన్ని రోజులు ఆరబెట్టి తెచ్చింది బకెట్ నీళ్ళతో ఒక్క పూటలో మళ్ళీ బూజు మొలిచే స్థాయికి చేరుతుంది. ఆ పప్పును అట్లే గోనె సంచుల్లో కుట్టి, గోదాములో గోడకానించి, పది పన్నెండు వరుసలు పేర్చేస్తారు. రైతు మీద బూజు నింద వేసే ముందు ఈ బకెట్ సంగతి చూడాలి.

నీళ్ళు మానేస్తే పప్పు బద్దలవుతుందనేది నిజమే, పరిష్కారం కూడా ఉంది. కాయను ముందు జల్లెడ పట్టి సైజుల వారీగా వేరు చేయాలి, ఒక్కో సైజుకు సరిపోయే జాలీ వేయాలి. పెద్దకాయకు సరిపోయే జాలీలో చిన్నకాయ పగలకుండా జారిపోతుంది, చిన్నకాయ జాలీలో పెద్దకాయ నలిగి ముక్కలవుతుంది. మన దగ్గర ఎక్కువగా వేసే కదిరి-6 రకంలో కాయ సైజు తేడాలు మరీ ఎక్కువేం ఉండవు, రెండు జాలీలు చాలు. ఎవరైనా తప్పక తడిపితే, పప్పు వచ్చాక మళ్ళీ 7 శాతానికి ఆరబెట్టిన తర్వాతే సంచి కుట్టాలని లైసెన్సు షరతుగా రాయండి. పప్పు సంచులు నేలకు జానెడు ఎత్తున చెక్క బల్లల మీద, గోడకు మూరెడు ఎడంగా ఉండాలి. ఇవన్నీ అందరికీ తెలిసినవే. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన రోజు కనపడి, మర్నాడు మాయమయ్యేవి కూడా ఇవే.

ఇప్పుడు నమూనా సంగతి. ఈ లేఖలో మీరు ఒకటికి రెండుసార్లు చదవాల్సిన భాగం ఇది. పాలలో నీళ్ళు కలిస్తే ప్రతి చుక్కలో సమానంగా కలుస్తాయి, ఏ చెంచా తీసినా ఒకటే. అఫ్లాటాక్సిన్ అట్లా కలవదు. వెయ్యి పప్పుల్లో 999 శుభ్రంగా ఉంటాయి, ఒక్కదాంట్లో విషం గూడు కట్టుకుని ఉంటుంది. ఒక్క పప్పులో కిలో లెక్కన లక్ష మైక్రోగ్రాములకు మించి దొరికిన సందర్భాలున్నాయి. పప్పు బరువు 0.4 గ్రాములు అనుకుంటే కిలోకు 2,500 పప్పులు. లక్ష లెక్కన విషం ఉన్న ఒక్క పప్పులో 40 మైక్రోగ్రాములుంటాయి. మిగతా 2,499 బంగారంలా ఉన్నా ఆ కిలో 40తో హద్దు దాటిపోయింది.

ఇప్పుడు ఒక గోదాము సరుకులో ప్రతి రెండు కిలోలకు సగటున ఇలాంటి పప్పు ఒకటి ఉందనుకోండి. సరుకు అసలు సగటు 20, చట్టం ప్రకారం పనికిరాదు. అధికారి ఒక కిలో నమూనా తీస్తే ఏమవుతుంది? పదింట ఆరుసార్లు ఆ పప్పు నమూనాలో పడనే పడదు. రిపోర్టులో సున్నా వస్తుంది, చెడ్డ సరుకు దర్జాగా దాటిపోతుంది. అదే సరుకులోంచి 20 కిలోలు తీస్తే తప్పించుకునే అవకాశం పదింట రెండుకు తగ్గుతుంది. ఇటు వ్యాపారి వైపు నుంచీ చూడాలి. ప్రతి అయిదు కిలోలకు ఒక చెడ్డ పప్పు ఉన్న సరుకు సగటు 8, చట్టం ఒప్పుకునేదే. ఒక కిలో నమూనాతో నూటికి 18 సార్లు అది అన్యాయంగా ఫెయిలవుతుంది. 20 కిలోలతో నూటికి 5 సార్లే. చిన్న నమూనా కొనేవాడికీ అమ్మేవాడికీ ఇద్దరికీ ద్రోహమే.

మేం కొత్తగా కనిపెట్టింది కాదిది. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పల్లికి పెట్టిన పద్ధతే ఇది. పెద్ద సరుకులో వంద చోట్ల నుంచి 200 గ్రాముల చొప్పున, మొత్తం 20 కిలోల పప్పు. ఒలవని కాయ అయితే 27 కిలోలు. ఒక మూల సంచి విప్పి తీసే 20 కిలోలు పనికిరావు. పై సంచి, నడిమి సంచి, గోడ పక్క సంచి, రేకు కారిన చోటు కింది సంచి, అన్నిటి నుంచీ రావాలి.

చట్టంలో నమూనాను నాలుగు భాగాలు చేయాలని ఉంది. ఒకటి ప్రభుత్వం తరఫున పరీక్షించే ఫుడ్ అనలిస్టుకు, రెండు ఆ ప్రాంత ఆహార భద్రత బాధ్యుడైన డెజిగ్నేటెడ్ ఆఫీసర్ దగ్గర, నాలుగోది వ్యాపారి కోరితే గుర్తింపు ఉన్న ల్యాబుకు. పప్పును పప్పుగానే నాలుగు పాళ్ళు చేస్తే ఆ విషపు పప్పు ఎవరి పాలిట పడితే వాళ్ళకే కనపడుతుంది. అనలిస్టుకు 60 వస్తుంది, వ్యాపారి ల్యాబుకు సున్నా వస్తుంది. ఇద్దరూ నిజమే చెబుతారు. అప్పీలులో కేసు అక్కడే చచ్చిపోతుంది. ముందు మొత్తం 20 కిలోలనూ సన్నగా మర పట్టి, పిండి అంతా కలిపి, తర్వాత నాలుగు పాళ్ళు చేస్తే నలుగురికీ ఇంచుమించు ఒకటే అంకె వస్తుంది. పల్లీ మర పడితే వేడెక్కి నూనె కక్కి ముద్ద కడుతుంది. అందుకని దఫదఫాలుగా, చల్లబరుస్తూ పట్టాలి. ఒక సరుకు పట్టాక మరను శుభ్రం చేయకుండా రెండోది పడితే మొదటి సరుకు విషం దానికి అంటుకుంటుంది. ఈ మర పట్టి, ఆ తర్వాత పంచే విధానాన్ని ఆహార భద్రత శాఖ రాతపూర్వకంగా ఆదేశించి, పంచనామాలో నమోదు చేసేట్టు చూడాలి. లేకపోతే మీ అధికారులు పడే కష్టమంతా వృథా.

నాచారంలోని రాష్ట్ర ఆహార ప్రయోగశాలకు గద్వాల నుంచి నమూనా వెళ్ళి, అనలిస్టు 14 రోజుల్లో రిపోర్టు ఇచ్చేసరికి సరుకు ఏ రాష్ట్రంలో ఉంటుందో చెప్పలేం. అందుకే యార్డు పక్కన, గోదాముల దగ్గర స్ట్రిప్ పరీక్ష కావాలి. పిండిని ద్రావకంలో కలిపి, వడకట్టి, స్ట్రిప్ ముంచితే నిమిషాల్లో అంకె తెలుస్తుంది. కోర్టుకు ఇది చాలదు, ఆ పని నాచారానిదే. సరుకును ఆపాలా, పంపాలా అని ఆ పూటకు తేల్చుకోవడానికి ఇది చాలు. ఈ పరీక్ష రైతు కుప్పకు పెట్టమని మేం అడగడం లేదు. పది క్వింటాళ్ళ రైతు దగ్గర 20 కిలోలు మర పట్టడం దౌర్జన్యం. రైతు దగ్గర తేమ మీటరు చాలు. ఒలిచి, కలిపి, గోదాముకు చేర్చిన వ్యాపారి సరుకుకే ఈ పరీక్ష. చట్టం మొదలయ్యేదీ అక్కడి నుంచే.

పరీక్షలో తప్పిన సరుకు ఎక్కడికి పోతుందన్నది ఎవరూ అడగని ప్రశ్న. మిల్లులో ఏరుడు పనికి కూర్చున్న ఆడవాళ్ళు ముడతలు పడ్డవి, నల్లబడ్డవి, బద్దలు, పురుగు కొట్టినవి ఏరి పక్కన పోస్తారు. విషంలో ఎక్కువ భాగం ఆ గంపలోనే ఉంటుంది. ఏరుడు అందుకే మంచి పని. కానీ ఆ గంప పారేసేది కాదు. తక్కువ ధరకు నూనె మరకు, పట్టీలు కట్టే వాళ్ళకు, చట్నీ పొడి వాళ్ళకు పోతుంది. నల్లగా ఉన్నది వేయించి, బెల్లంలో ముంచితే ఎవరికి తెలుస్తుంది? పెద్ద సరుకును 15 కిందికి తెచ్చి, తీసేసిన విషమంతా చౌక తిండిలోకి మళ్ళించినట్టు. ఏరిన పప్పుకు వేరే రిజిస్టరు పెట్టండి. ఎన్ని కిలోలు, ఎవరికి, దేనికి అని మూడు గళ్ళు చాలు. సబ్బు నూనె లాంటి తినని అవసరాలకు తప్ప అమ్మకూడదని రాయించండి.

నూనె మరకు పోయిన విషం నూనెలోకి కొద్దిగానే వెళ్తుంది. రిఫైన్ చేస్తే ఆ కాస్తా పోతుంది. రిఫైన్ చేయని గానుగ నూనె ఇప్పుడు బాగా అమ్ముడవుతోంది. దాంట్లో తేలే సన్నటి పిండే విషాన్ని మోసుకొస్తుంది కాబట్టి నాలుగైదు రోజులు తేరనిచ్చి, బట్ట వడపోత వేసి అమ్మితే మంచిది. మంచి పప్పు ఆడించడం అంతకన్నా మంచిది. మిగతా విషమంతా నూనె తీశాక మిగిలే చెక్కలో ఉండిపోతుంది. వంద కిలోల పప్పు ఆడితే 42 కిలోల నూనె, 58 కిలోల చెక్క అనుకుందాం. పప్పులో సరిగ్గా చట్టపు హద్దు 15 ఉన్నా చెక్కలో అది 26 దగ్గరికి చేరుతుంది. పశువుల మిశ్రమ దాణాకు భారత ప్రమాణం ఐఎస్ 2052 పెట్టిన హద్దు బీ1 రకం 20. మొత్తం అఫ్లాటాక్సిన్లో ఎక్కువ పాలు బీ1దే. అంటే మనుషులకు పాసైన పప్పు పశువుకు ఫెయిలయ్యే చెక్కను ఇవ్వొచ్చు. ఇంకో మెలిక, ఆహార భద్రత చట్టం 'ఆహారం' నిర్వచనంలోంచి పశువుల దాణాను బయటే ఉంచింది. విడిగా గోనెలో అమ్మే చెక్కను ఆ చట్టం కింద అడిగేవాడే ఉండడు.

అడగకపోతే అది పాలై తిరిగొస్తుంది. పశువు తిన్న బీ1లో నూటికి ఒకటి నుంచి మూడు పాళ్ళు ఎం1గా మారి పాలలోకి వస్తుంది. రోజుకు రెండు కిలోల చెక్క తిని ఆరు లీటర్లిచ్చే బర్రెను తీసుకోండి. చెక్కలో 150 మైక్రోగ్రాములుంటే బర్రె తినేది 300. అందులో రెండు పాళ్ళు, అంటే 6 మైక్రోగ్రాములు పాలలోకి వస్తే లీటరుకు 1. హద్దుకు రెట్టింపు. చెక్కలో 20కి మించకపోతే అదే లెక్కన లీటరుకు 0.13 మాత్రమే వస్తుంది. దాణాకు 20, పాలకు 0.5 అనే అంకెలు ఊరికే పుట్టలేదని దీన్నిబట్టి తెలుస్తుంది. కాచినా, పాశ్చరైజ్ చేసినా ఎం1 పోదు. 2018లో ఆహార భద్రత ప్రాధికార సంస్థ దేశమంతా 6,432 పాల నమూనాలు పరీక్షిస్తే 368లో, అంటే 5.7 శాతంలో ఎం1 హద్దు దాటింది. ఆ సర్వేలో జనం భయపడే కల్తీ కన్నా ఇదే పెద్ద సమస్యగా తేలింది. నల్లగొండ వైపు పల్లి చెక్కకు తోడు పత్తి చెక్క వాడకం ఎక్కువ, తడిసిన పత్తి గింజకూ ఇదే బూజు.

శుభవార్త ఒకటుంది. చెడ్డ చెక్క ఆపేస్తే మూడు నాలుగు రోజుల్లో పాలు శుభ్రపడతాయి. అందుకే పాలను ట్యాంకరులో కాకుండా ఊరి పాల శీతల కేంద్రంలో, ఇరవై ముప్పై ఇళ్ళ పాలు కలిసే చోటే స్ట్రిప్‌తో వారానికోసారి చూడాలి. హద్దు దాటితే ఏ ఇంటి దాణా అన్నది ఆ పూటే తెలుసుకోవచ్చు. దాణా మారిస్తే వారంలో సరిపోతుంది, జరిమానా అక్కర్లేదు.

కొనేవాళ్ళ కోసం కూడా ఒక మాట. 40వ సెక్షన్ ప్రకారం మామూలు కొనుగోలుదారుడు ఫీజు కట్టి తాను కొన్న ఆహారాన్ని ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. పరీక్షకు పంపుతున్నానని కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పాలి. సరుకు తప్పని తేలితే కట్టిన ఫీజు వెనక్కి వస్తుంది. ఈ నాలుగు ముక్కలు ప్రతి యార్డు గోడ మీద, ప్రతి ఆహార భద్రత కార్యాలయం ముందు తెలుగులో రాయించడానికి పెద్ద ఖర్చు కాదు.

వచ్చే యాసంగి కాయ యార్డుకు రాకముందే మీ నుంచి మేం అడిగేది ఇంత. 8 శాతం తేమ లెక్కన ధర కట్టే ఉత్తర్వు. డికార్టికేటర్ మిల్లులకు నీళ్ళ మీద షరతు. గోదాముల్లో 20 కిలోల నమూనా, మర పట్టాకే పంచుడు. ఏరుడు పప్పు రిజిస్టరు. పాల కేంద్రాల్లో ఫిబ్రవరి నుంచి వానాకాలం దాకా ఎం1 పరీక్ష. వీటిలో మొదటిదానికి కొత్త యంత్రం కూడా అక్కర్లేదు. మీటరు యార్డులో ఉంది, దాన్ని సరిచూసి కుప్ప అడుగులోకి చెయ్యి పెట్టమని చెబితే చాలు. సంక్రాంతికి ముందు ఏ రోజు కుదిరితే ఆ రోజు, ఏదైనా ఒక యార్డులో ఒక కుప్ప మీద ఈ పద్ధతంతా చేసి చూపించడానికి మేం సిద్ధంగా ఉన్నాం. ఆ కుప్ప రైతును, కొనే వ్యాపారిని, మీ తూకం గుమాస్తాను ముగ్గురినీ అక్కడ నిలబెట్టండి.

ఇట్లు,
ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో పల్లి సాగు, నిల్వ, నూనె, పరీక్షల పని తెలిసిన కొందరం